కొండగోగు పక్కన ఒక చీటీ

అమెరికా వెళ్ళి వచ్చాక మా వీధిలో వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న "ఏం తెచ్చారు?" అని. రెండోది "అక్కడ అన్నం దొరికిందా?" అని. అసలు ఎందుకు వెళ్ళానన్నది ఎవరికీ పట్టలేదు. అందుకే రాస్తున్నాను. ఎవరూ అడగని ప్రశ్నలకు జవాబులు చెప్పడం ముప్పై ఏళ్ళుగా నా ఉద్యోగం.

నేను ఉత్తరాంధ్రలో ఒక పాత కాలేజీలో బాటనీ చెబుతాను. మా కాలేజీ ఎంత పాతదంటే, పైకప్పు కారడం కూడా అక్కడ సంప్రదాయమే. ఈ మధ్య కాలేజీలకు గ్రేడులిచ్చే కమిటీవారు దరఖాస్తులో "అంతర్జాతీయ సంబంధాలు" అని కొత్తగా ఒక గడి పెట్టారు. అందులో రాయడానికి మాకేమీ లేదు. మా ప్రిన్సిపల్ సత్యనారాయణ గారు రెండు రోజులు తల పట్టుకుని, మూడో రోజు నన్ను పిలిచి, "మేడమ్, మన కాలేజీకి ఎప్పుడైనా తెల్లవాళ్ళు ఎవరైనా వచ్చారా?" అని అడిగారు.

ఒకాయన వచ్చాడు. యాభై ఏళ్ళ కిందటి మాట. అమెరికా నడిమధ్యన, మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక పెద్ద పాత విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రొఫెసరు వచ్చి, ఒక ఎండాకాలమంతా మా కొండల్లో మొక్కలు సేకరించి పట్టుకుపోయాడు. ఆయన వెంట కొండలెక్కినవాడు మా కాలేజీ అటెండరు అప్పలస్వామి. ఇది చెప్పగానే ప్రిన్సిపల్ గారి మొహం వెలిగిపోయింది. "అంటే మనది యాభై ఏళ్ళ అంతర్జాతీయ సంబంధమా! ఇన్నాళ్ళూ చెప్పరేం మేడమ్?" అన్నారు. ఉత్తరాలు వెళ్ళాయి, జవాబులు వచ్చాయి. ఆర్నెల్లలో ఒప్పందం మీద సంతకాలకు మా ఇద్దరినీ రమ్మన్నారు.

అప్పలస్వామి గురించి ఇక్కడే చెప్పాలి. ఆయన చదివింది ఐదో తరగతి. నేను పీహెచ్‌డీ పట్టా పుచ్చుకుని ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో, పిల్లలను కొండకు తీసుకెళ్ళి ఒక మొక్కకు తప్పు పేరు చెప్పాను. పిల్లలు రాసుకున్నారు. ఆయన పక్కకు పిలిచి, నా పరువు పోకుండా మెల్లగా, "అమ్మా, దాని ఆకు ఒకపాలి నలిపి వాసన సూడండి" అన్నారు. ఆ రోజు నుంచి నాకు గురువు ఆయనే. కాలేజీ లెక్క ప్రకారం ఆయన నాలుగో తరగతి ఉద్యోగి, నేను మొదటి తరగతి.

ప్రయాణానికి ముందు చూసి వద్దామని వెళ్ళాను. రిటైరై కొండ కింద సొంత ఊళ్ళో ఉంటున్నారు. ఎనభై దగ్గర పడుతోంది. ట్రంకుపెట్టెలోంచి అంచులు నలిగిన ఒక నోటు పుస్తకం తీసి నా చేతిలో పెట్టారు. దొర ప్రతి మొక్కకూ ఒక నంబరు చెప్పేవాడట. ఆ నంబరు, మొక్క పేరు, కోసిన చోటు ఈయన తెలుగులో రాసుకున్నారు.

"ఇందులో రాసినవన్నీ దొర పట్టుకెల్లినాడు. అక్కడ కాగితాల మీద మన పేరు ఏస్తానన్నాడు. ఏసినాడో లేదో సూసి రామ్మా" అన్నారు.

"వేసే ఉంటాడు లెండి" అన్నాను.

"ఏసుంటే మంచిదే. లేకపోతే లేదని సెప్పు. నాకేటి, ఊరికే తెలుసుకుందామని."

యాభై ఏళ్ళు పెట్టెలో దాచినవాడికి ఊరికే తెలుసుకోవడమేమిటి! పుస్తకాన్ని నా పాత పట్టుచీర ముక్కలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

షికాగో విమానాశ్రయం

మా సామాను ఇది: నాలుగు శాలువాలు, నాలుగు ఏటికొప్పాక లక్కబొమ్మలు, ఒక పెద్ద కానుక. ఆ పెద్ద కానుక ప్రిన్సిపల్ గారి సొంత ఆలోచన. కాలేజీ ఆవరణలో గాలివానకు పడిపోయిన పనసచెట్టు మొద్దును అడ్డంగా కోయించి, బెరడు అలాగే ఉంచి, మధ్యలో కాలేజీ ముద్ర చెక్కించారు. బయల్దేరేముందే దాని అంచున సన్నటి పొడి రాలుతుంటే నేను చూశాను. "సార్, ఇందులో పురుగుంది" అన్నాను. "మీ బాటనీవాళ్ళకు అన్నిట్లోనూ పురుగే కనిపిస్తుంది మేడమ్" అన్నారు.

షికాగోలో కస్టమ్స్ అధికారికీ పురుగే కనిపించింది. చేతికి తొడుగులు వేసుకుని, టార్చి పట్టుకుని, పురుగు తొలిచిన చిల్లులోకి ఆయన చూస్తుంటే మా ప్రిన్సిపల్ గారు "హెరిటేజ్, హెరిటేజ్" అంటూ బతిమాలారు. ఆయన చాలా మర్యాదగా మా కాలేజీ ముద్రను పెద్ద నీలం సంచిలో మూటకట్టి పక్కన పడేశాడు. నా ఆవకాయ సీసాను మాత్రం మూత కూడా తీయకుండా వదిలేశాడు. అమెరికా మీద నాకు గౌరవం కలిగిన మొదటి సందర్భం అదే.

"ఇప్పుడు పెద్ద కానుక లేదే మేడమ్!" అని టాక్సీలో ప్రిన్సిపల్ గారు పదిసార్లయినా అన్నారు. ఆ మాట నేను అప్పుడే చెవిన పెట్టుకోవలసింది.

నేపర్‌విల్

షికాగో పక్కనే ఉన్న నేపర్‌విల్‌లో నా పాత విద్యార్థిని సునీత ఇంట్లో రెండు రోజులు దిగాం. తను ఒక ఆసుపత్రికి సాఫ్ట్‌వేర్ చూస్తుంది. బాటనీలో గోల్డ్ మెడల్ తెచ్చుకున్న పిల్ల. ఆ సంగతి గుర్తు చేస్తే నవ్వి, పెరటి గుమ్మం దగ్గర కుండీలో ఉన్న కరివేపాకు మొక్కను చూపించింది. దానికి మొత్తం పదకొండు ఆకులు.

"మేడమ్, నా బాటనీ అంతా ఈ ఒక్క మొక్క మీదే పెట్టాను. వింటర్‌లో దీనికి హీటర్ కూడా పెడతా. అయినా ఆకు తెంపాలంటే ధైర్యం చాలదు" అంది.

మరి మాకు పెట్టిన పులుసులో వేసిన కరివేపాకు ఎక్కడిదంటే ఇండియన్ స్టోర్స్‌లో కొన్నదట. సాయంత్రం నన్నూ తీసుకెళ్ళింది. రెండు రెమ్మలు ప్లాస్టిక్ కవర్‌లో రెండు డాలర్లు. మా పెరట్లో మేకలు తినిపోతున్న చెట్టు విలువ అక్కడే నిలబడి లెక్కగట్టాను. మునక్కాయ ముక్కలు గడ్డకట్టి ఒక పొట్లంలో, తాటిముంజెలు ఇంకో పొట్లంలో. మంచుపెట్టెలో తాటిముంజె చూడటం నాకదే మొదటిసారి, అదే ఆఖరిసారి కావాలని కోరుకుంటున్నాను.

సునీత కూతురు మేఘన అదే విశ్వవిద్యాలయంలో రెండో ఏడు చదువుతోంది. అక్కడే పుట్టిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే మాటల కొసలు ఎక్కడో జారిపోతుంటాయి. "ఆంటీ, నేను క్యాంపస్‌లో టూర్ గైడ్. మిమ్మల్ని, అంకుల్‌ని నేనే డ్రైవ్ చేస్తా, నేనే టూర్ ఇస్తా" అంది. అంకుల్ అన్నందుకు ప్రిన్సిపల్ గారు కొంచెం ముడుచుకున్నారు. ఆయన్ను ఇరవై ఏళ్ళుగా ఎవరూ సార్ తప్ప ఇంకేమీ అనలేదు.

మొక్కజొన్న దారి

నేపర్‌విల్ నుంచి మూడు గంటల దారి. ఊరు దాటాక రెండువైపులా మొక్కజొన్న తప్ప మరొకటి లేదు. కొండ లేదు, గుట్ట లేదు. ప్రిన్సిపల్ గారు నిద్రపోయారు. నేను మాత్రం కిటికీకి అతుక్కుపోయి చూశాను, గంటయ్యాక నాకూ విసుగేసింది.

పెట్రోలు కోసం ఆగిన చోట ఒక ముసలి రైతు కాఫీ తాగుతున్నాడు. నా చీర చూసి, ఏ దేశమని అడిగాడు. చెప్పాను. "మీ దేశంలో మొక్కజొన్న ఎలా తింటారు?" అన్నాడు. నిప్పుల మీద కాల్చి, నిమ్మచెక్కతో ఉప్పూకారం రుద్దుకుని తింటామని చేతులతో అభినయం చేసి మరీ చూపించాను. చాలా శ్రద్ధగా విన్నాడు. మీ చేలోది ఒక పొత్తు రుచి చూడవచ్చా అని అడిగాను. పకపకా నవ్వాడు. అదంతా పశువుల దాణాకూ, కార్లలో పోసే ఇంధనానికీ వెళ్తుందట. మనిషి తినే రకం కాదట.

"నూరు మైళ్ళ నుంచి చూస్తున్నాను. తినేది ఒక్క పొత్తూ లేదా?" అన్నాను మేఘనతో.

"ఆంటీ, వాల్‌మార్ట్‌లో ఉంటది" అంది.

పేర్లున్న ఊరు

విశ్వవిద్యాలయం పేరు రాయను. రాస్తే మా ప్రిన్సిపల్ గారు ఈ కథనాన్ని కూడా అంతర్జాతీయ సంబంధాల గడిలో వేసేస్తారు.

అక్కడ గైడు పిల్లలు సందర్శకుల వైపు మొహం పెట్టి వెనక్కి నడుస్తారు. అదే పద్ధతట, దానికి శిక్షణ కూడా ఇస్తారట. "నేను బ్యాక్‌వర్డ్స్ వాక్ చేస్తా, మీరు నన్ను చూస్తూ రండి" అని మేఘన మొదలుపెట్టింది. మెట్లు, గుంటలు, సైకిళ్ళు అన్నీ వీపుతోనే తప్పించుకుంటూ గంటసేపు చరిత్ర చెప్పింది. ఈ కట్టడం నూట యాభై ఏళ్ళ నాటిది, ఆ గంట ఇంకా పాతది అని తను గొప్పగా చెబుతుంటే, మా ఊరి పోస్టాఫీసు అంతకంటే పాతదని ప్రిన్సిపల్ గారు నా చెవిలో అన్నారు. పైకి మాత్రం "వండర్‌ఫుల్" అన్నారు.

ఒక చోట వ్యవస్థాపకుడి కంచు విగ్రహం ఉంది. దాని ఎడమ బూటు ముట్టుకుంటే పరీక్ష పాసవుతారట. పిల్లలంతా ముట్టుకుని ముట్టుకుని ఆ బూటు బంగారంలా మెరుస్తోంది. ఇంత సైన్సు చదివేవాళ్ళకు ఇదేం పిచ్చి అని నేననుకునేలోగా ప్రిన్సిపల్ గారు వంగి, బూటు ముట్టుకుని, చెయ్యి కళ్ళకద్దుకున్నారు. "కమిటీ గ్రేడు కోసం" అన్నారు.

నేను గమనించింది ఇంకొకటి. అక్కడ పేరు లేని వస్తువు లేదు. ప్రతి బెంచీ మీద ఒక ఇత్తడి రేకు, దాని మీద దాత పేరు. మెట్లకు పేరు, కిటికీకి పేరు, మంచినీళ్ళ కుళాయికి పేరు. మేము పక్కన నిలబడ్డ మొక్కకు దాని పేరుతో పాటు నాటించినవాళ్ళ పేరు కూడా ఉంది. ఒక బెంచీ మీదైతే ఎవరిదో కుక్క పేరు. కుక్కకు బెంచీ ఇచ్చినవాళ్ళు మా అప్పలస్వామికి ఒక గీత ఇచ్చి ఉండరా అని నాకు చాలా ధైర్యం వచ్చింది.

సంతకాల గది

మర్నాడు పదిగంటలకు సంతకాలు. అటువైపు అంతర్జాతీయ వ్యవహారాల డీన్ గారు, మరి ముగ్గురు. ఇటు మేమిద్దరం, ఫొటోలకు మేఘన. డీన్ గారు మంచి మాటకారి. "మన రెండు సంస్థల మధ్య యాభై ఏళ్ళ మైత్రి" అన్నారు. ఆ మైత్రి గురించి ఆర్నెల్ల కిందట వాళ్ళకూ తెలియదు, మాకూ తెలియదు. అందరం గంభీరంగా తలలూపాం.

ప్రిన్సిపల్ గారు శాలువాలు తీశారు. మన పద్ధతి వాళ్ళకు తెలియదు కదా, డీన్ గారు శాలువా చేతికివ్వబోతున్నారనుకుని చెయ్యి చాచారు. ఈయన భుజాల మీద కప్పబోయారు. ఇద్దరూ కాసేపు అలా పెనుగులాడాక ఎలాగో కప్పడం అయింది. మూడు శాలువాలు ముగ్గురికి వెళ్ళాయి, నాలుగో ఆవిడ ఉన్ని అంటే పడదని చెప్పి బొమ్మ మాత్రం తీసుకున్నారు. మిగిలిన శాలువా నా ఒళ్ళో పడింది.

అప్పుడు ప్రిన్సిపల్ గారు గొంతు సవరించుకుని, "ఇక మా కాలేజీ తరఫున అసలైన వారసత్వ కానుక" అని బల్ల కింది నుంచి ఒక పట్టుగుడ్డ మూట తీశారు.

ఆ పట్టుగుడ్డ నా చీరది.

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి డీన్ గారు మూట విప్పి, పుస్తకం తెరిచి, "ఓ!" అన్నారు. గదిలో అందరూ "ఓ!" అన్నారు. చప్పట్లు. మేఘన ఫొటో తీసింది. ఆ ఫొటో మా కాలేజీ గోడ మీద ఇప్పటికీ ఉంది. అందులో అందరూ నవ్వుతుంటారు, నేను నోరు తెరుచుకుని ఉంటాను.

భోజనాలకు లేవగానే ఆయన్ను మూలకు లాగాను. "సార్, అది కాలేజీది కాదు. అప్పలస్వామిది. నా సంచిలోంచి ఎప్పుడు తీశారు?"

"పొద్దున కార్‌లో. ఆ పనసచెక్క పోయింది, ఉత్తచేతులతో ఎలా వెళ్తాం మేడమ్? పట్టుగుడ్డలో చుట్టి ఉంటే మీరే కానుక కోసం తెచ్చారనుకున్నాను."

"అడగాలి కదా!"

"అడిగితే మీరు ఇవ్వరు కదా!" అన్నారు. అని, తను అన్నది తనకే వినిపించి తల దించుకున్నారు.

మధ్యాహ్నం భోజనం అట్టపెట్టెల్లో వచ్చింది. పెట్టె మీద కూడా ఎవరి పేరు వాళ్ళకు రాసి ఉంది. లోపల రొట్టెల మధ్య చల్లటి ఆకులు. నేను పెట్టె మూత మళ్ళీ పెట్టేశాను.

చలిగది

మూడు గంటలకు మేఘనతో కలిసి హెర్బేరియంకు వెళ్ళాను. ఎండబెట్టిన మొక్కలను అట్టలకు అంటించి దాచే చోటు అది. పురుగు పట్టకుండా గది చల్లగా ఉంచుతారు. చూసుకునే ఆవిడ పేరు రూత్. అరవై దాటి ఉంటాయి, పొట్టి జుట్టు, జేబు నిండా పెన్సిళ్ళు. పొద్దున్నుంచి నేను చూసిన మనుషుల్లో "మైత్రి" అనే మాట వాడనిది ఆవిడ ఒక్కతే.

"మీకేం చూడాలి?" అంది.

నంబరు చెప్పాను. నూట పన్నెండు, కొండగోగు. ఎండాకాలం ఆకంతా రాల్చేసి, మోడు కొమ్మల చివర పసుపుపచ్చ పూలు పూసే చెట్టు. పుస్తకంలో అప్పలస్వామి అక్షరాల్లో నాకు బాగా గుర్తున్న పుట అది. రూత్ ఇనుప బీరువాల మధ్య నడిచి, ఒక తలుపు తీసి, ఒక అట్టను రెండు చేతులతో తెచ్చి బల్ల మీద పెట్టింది.

యాభై ఏళ్ళ కిందటి మా కొండ అక్కడుంది. పూల రంగు వెలిసి గోధుమ రంగుకు వచ్చింది. కొమ్మ కోసిన చోట కత్తి ఏటవాలుగా దిగిన గుర్తు కూడా చెక్కుచెదరలేదు. అట్ట కింద మూలన చీటీ. మొక్క పేరు, కొండ పేరు, నంబరు, సేకరించినవారు: ప్రొఫెసరు పేరు. కింద చిన్న అక్షరాల్లో "ఒక స్థానిక కూలీతో కలిసి".

నాకు ఒళ్ళు మండింది. ఇంకో పది అట్టలు తీయించాను. అన్నిటి మీదా అదే. కుక్క పేరు ఇత్తడి మీద రాయించిన చోట, మనిషి పేరు "ఒక కూలీ"! ఆ మాట నేను గట్టిగానే అన్నాను, ఇంగ్లీషులోనే అన్నాను. మేఘన నా చెయ్యి పట్టుకుని, "ఆంటీ, మీరు ఏడుస్తున్నారా?" అంది. ఏడుస్తున్నాను, అయితే ఏమిటట?

రూత్ ఏమీ అనుకోలేదు. "పాత చీటీని మేము చెరపం, ఎవరినీ చెరపనివ్వం" అంది. "తప్పయినా అలాగే ఉండాలి. ఎవరు ఏం తప్పు చేశారో తర్వాతివాళ్ళకు తెలియాలి కదా. కానీ పక్కన కొత్త చీటీ అంటించవచ్చు. ఏది సరైనదో రాసి, కింద పేరు, తేదీ వేయాలి. ఆధారం చూపించగలరా?"

"ఆధారం ఉంది. పొద్దున మీ డీన్ గారికి కానుకగా ఇచ్చేశాం" అన్నాను.

రూత్ నవ్వలేదు. ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడింది. అరగంటలో పుస్తకం వచ్చింది, దాని వెంట కానుకల లెక్కకు సంబంధించిన ఒక ఫారం కూడా వచ్చింది. ఆ అరగంటా ఆవిడ చలికి చేతులు రుద్దుకుంటూ పనిచేస్తుంటే, మిగిలిన శాలువా తీసి భుజాల మీద కప్పాను. ఆవిడ పెనుగులాడలేదు. కొసలు ముందుకు లాక్కుని, "ఇరవై ఏళ్ళుగా ఈ గదిలో నాకు కావలసింది ఇదే" అంది.

ఇద్దరం కూర్చుని నంబర్లు సరిచూశాం. పుస్తకంలో ఉన్న ప్రతి నంబరూ బీరువాలో ఉంది. కొన్ని నంబర్ల పక్కన చిన్న పసుపు మరక ఉంది, వేలికొసంత. నూట పన్నెండు పక్కనా ఉంది. "ఇదేమిటి?" అంది రూత్. నేను కళ్ళజోడు సర్దుకుని, "పుప్పొడి. పూలు పట్టుకున్న చేత్తో రాసుకున్నాడు కదా" అని చెప్పాను. ముప్పై ఏళ్ళ అనుభవం గొంతులో పలికింది. రూత్ కళ్ళు పెద్దవయ్యాయి. యాభై ఏళ్ళ నాటి పుప్పొడి కాగితం మీద అంత స్పష్టంగా ఉంటే దాని మీద పరిశోధన చేయవచ్చట, వాళ్ళ దగ్గర ఆ పనే చేసే బృందం ఒకటి ఉందట. సాయంత్రానికి ఈ సంగతి ప్రిన్సిపల్ గారి చెవిన పడింది. రాత్రికల్లా మా ఒప్పందంలో "ఉమ్మడి పరిశోధన: చారిత్రక పుప్పొడి" అని ఒక వాక్యం చేరింది.

ఇక ఫారం. కానుక ఇంకా లెక్కలోకి ఎక్కలేదు కాబట్టి, పొరపాటున ఇచ్చామని రాసి వెనక్కి తీసుకోవచ్చు. కానీ కొత్త చీటీ మీద ఆధారం ఫలానా చోట ఉందని రాయాలి. "పుస్తకం మీ సంచిలో వెళ్ళిపోతే, రేపు ఎవరైనా చూపించమంటే నేనేం చూపించను?" అంది రూత్. తీసుకెళ్తే పుస్తకం దక్కుతుంది, చీటీకి బలం పోతుంది. వదిలేస్తే పేరు నిలుస్తుంది, ఆయన పెట్టె ఖాళీ అవుతుంది. ఆయన్ను అడుగుదామంటే మా కొండ కింద అప్పటికి అర్ధరాత్రి దాటింది, ఆయనకు ఫోనూ లేదు. నాది కాని వస్తువు గురించి నేనే నిర్ణయించవలసి వచ్చింది. పొద్దున ప్రిన్సిపల్ గారిని తిట్టిన నోటితోనే, "ఉంచేయండి" అన్నాను. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

చీటీ నా చేత్తోనే రాశాను. "సేకరించినవారు: అప్పలస్వామి." ఇంగ్లీషులో రాశాక, తెలుగులో కూడా రాయవచ్చా అని అడిగాను. రూత్ అట్ట మీద చోటు కొలిచి, "ఉంది" అంది. కింద నా పేరు, తేదీ. పుస్తకంలో ఉన్నవన్నీ తను ఒక్కొక్కటే చేస్తానని మాట ఇచ్చింది. మేఘన ఆ తెలుగు అక్షరాలను కూడబలుక్కుని చదివి, "ఆంటీ, ఈ బిల్డింగ్‌లో నేను చదివిన ఫస్ట్ తెలుగు ఇది" అంది.

విమానంలో

తిరుగు ప్రయాణంలో, రూత్ పంపిన పుస్తకం ఫొటోలను ఫోన్‌లో తిప్పుకుంటూ వచ్చాను. సముద్రం మీద ఎక్కడో ఉండగా, డెబ్బై ఆరో నంబరు పక్కన కూడా పసుపు మరక కనిపించింది. అది వాగు ఒడ్డున పెరిగే ఒక ఫెర్న్. ఫెర్న్ మొక్కకు పువ్వే ఉండదు, ఇక పుప్పొడి ఎక్కడిది? ఇది ఫస్టియర్ పిల్లలకు నేనే చెబుతాను, చెప్పనివాళ్ళకు మార్కులు కోస్తాను. పక్క సీట్లో ప్రిన్సిపల్ గారు పుప్పొడి ప్రాజెక్టుకు తెలుగు పత్రికా ప్రకటన రాసుకుంటున్నారు. నేను ఫోన్ ఆపేసి కళ్ళు మూసుకున్నాను.

కొండ కింద

వచ్చిన మూడో రోజు వెళ్ళాను. అప్పలస్వామి అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయన భార్య లోపలి నుంచి అంబలి తెచ్చి నా ముందు పెట్టింది. ముందు పుస్తకం సంగతి చెప్పేశాను, తిట్టమనే కూర్చున్నాను.

"అక్కడే ఉండిపోనాదా?" అన్నారు. వీధి వైపు తిరిగారు. "పోనీలే. ఇక్కడైతే సెదలు తినీసును."

పాత చీటీ మీద పేరు లేదని కూడా దాచలేదు. "అనుకున్నాను" అన్నారు అంతే. అప్పుడు ఫోన్‌లో అట్ట చూపించాను. కొమ్మ, వెలిసిన పూలు, పాత చీటీ, దాని పక్కన కొత్త చీటీ. ఆయన పేరు తెలుగులో. ఫోన్ దగ్గరగా పెట్టుకుని అక్షరం అక్షరం చదువుకున్నారు. నా జన్మకు ఇది చాలు అనుకున్నాను.

మళ్ళీ కొమ్మ వైపు చూశారు. కత్తి గుర్తు మీద వేలు పెట్టారు.

"అమ్మా, ఇది నాను కొయ్యలేదు" అన్నారు.

"అదేమిటి? మీ పుస్తకంలోదే కదా, నూట పన్నెండు."

"నంబరు నాను రాసినాను. సెట్టెక్కింది మాత్రం ఈవిడ" అని గుమ్మం వైపు గడ్డం ఎత్తారు. "ఆ యేడు మాకు కొత్తగా పెళ్ళయినాది. దొరకి వంట కోసమని తీసుకెల్లినాను. వాగుల్లోకి దిగేదీ ఈవిడే, సిటారు కొమ్మకి ఎక్కేదీ ఈవిడే. నాకు కల్లు తిరుగుతాయి."

భార్య గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. "నాను కోసినవి కూడా తనే కోసినట్టు సెప్పుకుంటాడని, కోసినప్పుడల్లా వంటపెట్టెలో పసుపు తీసి ఆ నంబరు పక్కన ఏలితో అద్దీదాన్నమ్మా. నాకు రాత రాదు కదా."

ఫోన్‌లో మరకలు లెక్కపెట్టాను. పుస్తకంలో సగానికి పైగా ఉన్నాయి. ఈ మనిషి చేతి అంబలి నేను ముప్పై ఏళ్ళుగా తాగుతున్నాను. మొక్కల గురించి ఏ రోజూ ఒక్క మాట అడగలేదు. ఆ దొర "ఒక కూలీ" అనైనా రాశాడు. నేను పుప్పొడి అన్నాను.

సంచిలోంచి కాగితం, పెన్ను తీశాను. రూత్‌కు ఈ పూటే రాయాలి. పుప్పొడి కాదని రాయాలి, అట్ట మీద ఇంకో చీటీకి చోటుందా అని అడగాలి. ప్రిన్సిపల్ గారి ఉమ్మడి పరిశోధన ఏమైపోతుందో నాకనవసరం.

"అమ్మా, మీ పేరు చెప్పండి" అన్నాను.

ఆవిడ నా ముందున్న ఖాళీ గిన్నె తీసుకుని, "నా పేరెందుకమ్మా ఇప్పుడు? పుస్తకంలో అప్పుడే బొట్టెట్టీసినాను కదా" అంది.